గాలరుగు మీద పసుపు పాదం

గవ్వలకొండ మీద ఇల్లు కట్టేవాడు అరుగు ఎటు వేలాడదీయాలో ముందు చూసుకుంటాడు. వంటగది సంగతి ఆ తర్వాతే. సముద్రం ముందుకొచ్చి పాత రేవు వీధుల్ని మింగేశాక ఊరు ఊరంతా కొండెక్కింది. కొండ చూస్తే నిటారు, ముంగిలికి జాగా లేదు. అందుకే ప్రతి ఇంటి ముందూ సముద్రం వైపు ఒక శ్లాబు గాలిలోకి చాచుకుని ఉంటుంది. కొన్నిటి కింద స్తంభాలుంటాయి, కొన్నిటికి అవీ ఉండవు. దాన్ని అక్కడివాళ్ళు గాలరుగు అంటారు. చేపలు ఎండేదీ, పిల్లలు అక్షరాలు దిద్దేదీ, పెళ్ళిచూపులు జరిగేదీ, తగువులు తీరేదీ దాని మీదే. గాలరుగు లేని ఇంటికి కొండ మీద పిల్లనివ్వరు.

ఆ గాలరుగుల్లో సగానికి పైగా పైడయ్య మేస్త్రి పోసినవే.

"నా అరుగు మీద ఏనుగుని కట్టీరా! సంద్రమైనా ఎనక్కెల్లుద్ది గానీ నా అరుగు కదల్దు," అనేవాడు ఆయన మీసం దువ్వుకుంటూ. ఆ మాటకు కొండ మీద ఎదురు లేదు.

ఆయన కూతురు నూకరత్నం ఆ అరుగులన్నిటికీ ఎసరు పెట్టింది. కావాలని పెట్టలేదు.

కిందటి వానాకాలంలో కొండకు అవతలి వైపు ఒక గాలరుగు విరిగిపడింది. సాయంత్రం పూట కబుర్లు చెప్పుకుంటున్న ఒక కుటుంబం మొత్తం దానితోపాటే లోయలోకి పోయింది. ముందురోజు దాకా ఆ శ్లాబు మీద గీత కూడా లేదు. అప్పటినుంచి నగర సంస్థ ఒక నియమం పెట్టింది. ఇంటి గోడ దాటి బయటికొచ్చిన ఏ అరుగుకైనా, వసారాకైనా అనుమతి ఉండాలి. పాతవాటికి కొత్తగా అనుమతి తెచ్చుకోవాలి. అంతవరకూ బాగానే ఉంది. మరి కాంక్రీటు లోపల ఇనప ఊచ బతికుందో చచ్చిందో బయటినుంచి చూసి చెప్పేదెవరు?

నగర సంస్థ ప్రయోగశాలలో రత్నం ఆ పని మీదే కూర్చుంది. ఈ పనికి ఆమెలో బీజం వేసింది ఒక గడప. చిన్నప్పుడు తండ్రి ఇంటికి కొత్త సిమెంటు గడప పోశాడు. తల్లి అచ్చియ్యమ్మ మంచిరోజు చూసి దానికి పసుపు రాసింది. రాసిన పసుపు రాసినట్టే ఎర్రబడిపోయింది. "ఒలమ్మా, గడప నెత్తురు కక్కింది!" అని ఆమె గోల పెడితే, వీధి వీధంతా వచ్చి చూసింది. మరో రెండేళ్ళకు అదే గడప మీద పసుపు పసుపుగానే నిలిచింది. ఆ రెండు రంగులూ రత్నం తలలో ఉండిపోయాయి.

నియమాల విభాగం అధికారి వసుధ ప్రయోగశాలకు వచ్చిన రోజున రత్నం ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. కిళ్ళీ కొట్టు నుంచి తెప్పించిన సున్నం, వంటింటి పసుపు, ఒక నిమ్మకాయ బల్ల మీద పెట్టింది. పసుపు నీళ్ళలో సున్నం వేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి.

"ఇది మా అమ్మ దిష్టి తీసే నీళ్ళే కదా," అంది వసుధ నవ్వుతూ.

"అవే మేడమ్. ఇప్పుడు చూడండి." నిమ్మరసం పిండింది. ఎరుపు విరిగి మళ్ళీ పసుపైంది. "సిమెంటులో సున్నం గుణం ఉంటుంది. గాలి తగిలే పైపొరలో అది కొన్నేళ్ళకు చస్తుంది, లోపల మిగిలిందే ఊచను కాపాడేది. ఊచ తుప్పు పడితే అక్కడ పులుపు పుడుతుంది. నాకు కావలసిందల్లా, లోపలికి వెళ్ళి ఊచను నాలుకతో నాకి వచ్చి చెప్పే పసుపు."

అదే ఆమె కనిపెట్టింది. పసుపు రంగును తనలో పండించుకునే ఒక బూజు. అరుగు అడుగున పూస్తే, వెంట్రుక కంటే సన్నటి దాని పోగులు కాంక్రీటు రంధ్రాల్లోంచి పాకి ఊచ దాకా వెళతాయి. ఊచ గట్టిగా ఉంటే దాని చుట్టూ ఉన్న సున్నం తాగి ఎర్రబడతాయి. ఆ ఎరుపు బయటికి తేలి, ఊచలు ఎక్కడెక్కడున్నాయో అక్కడల్లా గీతలు పడి, గళ్ళచీర పరిచినట్టు కనిపిస్తుంది. ఊచ పాడైన చోట పూత పసుపుగానే మిగిలిపోతుంది.

పెళ్ళికూతురి కాళ్ళకు పెట్టే పసుపూ సున్నమూ గుర్తొచ్చి, దానికి పారాణి అని పేరు పెట్టింది రత్నం.

* * *

కొత్త నియమం మీద అభ్యంతరాలు వినడానికి కొండ మీది సామాజిక భవనంలో సభ పెట్టారు. ఎర్రగళ్ళు తేలిన అరుగుకే అనుమతి ఫలకం ఇస్తారు, పసుపు మిగిలితే కూల్చుకోవాలి. ఈ మాట చదవగానే భవనం దద్దరిల్లింది.

ఇంటియజమానుల సంఘం పెద్ద గణపతి లేచాడు. మనిషి భారీ. ఆయన టీ హోటలు నడిచేది గాలరుగు మీదే.

"బాబూ, నాకు తెలీక అడుగుతాను. పసుపు శుబమా, అశుబమా? పుట్టి బుద్దెరిగినకాడ్నించీ ఎరుపు చూస్తే ఆగుతున్నాం, పసుపు చూస్తే దండం పెడతన్నాం. ఈ సదువుకున్నమ్మ వొచ్చి, పసుపు తేల్తే కొంప కూల్చుకోమంటాది! మన పైడయ్య మేస్త్రి కూతురు కదేటి, తండ్రి కట్టినియ్యన్నీ కూల్చీడానికేనా సదివించేడు నిన్ను?"

జనం ఘొల్లుమన్నారు. రత్నం లేచింది. బదులు చెప్పబోయేలోగా వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. పైడయ్య లేచి నిలబడ్డాడు.

"గణపతీ, నీ నోరు మాత్రం నాను పోసిన శ్లాబు కాదు. అదైతే ఈపాటికి గట్టిపడును." నవ్వులు అటు తిరిగాయి. "నా కూతురు మందు కనిపెట్టింది. బూజు చేత మాట్లాడిత్తంది. మీలో ఎవుడి పిల్లయినా సేసిందేటి? ముందు నా ఇంటి అరుగుకే పూయండి. వొచ్చే వారం మా దాలినాయుడి పెళ్ళి. కోడలు అడుగెట్టేపాటికి ఎర్రగళ్ళు తేల్తాయి. మొదటి పలకం నా గోడకే కొట్టాలి. ఆ తర్వాత మీ అందరి అరుగులూ. అన్నీ నా సేతివే కదా!"

సభ అక్కడితో ముగిసింది. ఇంటికి వస్తూ రత్నం అంది, "నాన్నా, ఒకవేళ పసుపు మిగిలితే?"

"మిగల్దు."

"మిగిలితేనో?"

పైడయ్య ఆగి కూతురి వంక చూశాడు. "నీ మందు మీద నీకు నమ్మకం ఉందా? నా సెయ్యి మీద నాకూ అంతే ఉంది. ఇంకేటే బయ్యం?"

ఆ రాత్రి రత్నానికి గర్వంతో నిద్ర పట్టలేదు. తండ్రి నిలబడిన తీరే కళ్ళ ముందు కదిలింది.

నియమం ప్రకారం సొంత ఇంటి పరీక్ష తాను చేయకూడదు. ప్రయోగశాల మనుషులు వచ్చి, అడుగున ఉన్న రంగూ సున్నమూ గీకి, బూడిదరంగు సిమెంటు తేలాక పారాణి పూసి వెళ్ళారు. పెళ్ళి ముందురోజు పొద్దున్నే తమ్ముడు దాలినాయుడు ప్రయోగశాలకు ఫోను చేశాడు. "అప్పా! రా, బేగి రా! మందారపువ్వులా ఉందే అరుగు!"

ఆమె వీధిలోంచి తలెత్తి చూసింది. అరుగు అడుగు మొత్తం ఎర్రెర్రగా మండుతోంది. ప్రయోగశాలలో అంత ఎరుపు ఎప్పుడూ చూడలేదు. వీధిలో వాళ్ళంతా మేస్త్రి భుజాలు తడుతున్నారు. గణపతి కూడా వచ్చి, తల గోక్కుంటూ, "బాగానే తేలింది మరి," అన్నాడు. గళ్ళేవీ అన్న ఆలోచన రత్నానికి ఒక్క క్షణం తట్టింది. అంత గట్టి అరుగు కదా, గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి అనుకుంది. అప్పుడే సన్నాయి మొదలైంది. తండ్రి ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ ఆలోచన అక్కడితో కొట్టుకుపోయింది.

* * *

కోడలు కుసుమ ఇంటికొచ్చే వేళకు గాలరుగు నిండిపోయింది. కుర్చీల్లో ఆడపిల్లవారు, పిట్టగోడ పొడవునా మగపిల్లవారు, ఒక మూల సన్నాయి మేళం. అనుమతి ఫలకం ఒళ్ళో పెట్టుకుని వసుధ, ఆమె పక్కన ఆమె భర్త. గణపతి అయితే సముద్రం వైపు అంచునే కుర్చీ వేయించుకున్నాడు. అరుగుకు ఒక్కటే దారి. వీధిలోంచి వచ్చే మెట్లు ఆ అంచు పక్కనే తేలతాయి.

రత్నం ఇంటి గుమ్మానికి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. ఆడపడుచు కదా. కొత్త దంపతులు ఒకరి పేరు ఒకరు చెప్పి, ఆమె అడిగింది ఇస్తామంటేనే లోపలికి వదలాలి.

పై మెట్టు మీద అచ్చియ్యమ్మ కోడలి కాళ్ళు కడిగి పసుపు రాసింది. కుసుమ తడికాళ్ళతో అరుగు దాటుకుంటూ వచ్చింది. వెనకాల పాదాల ముద్రలు పసుప్పచ్చగా పడుతున్నాయి. పడిన ముద్ర పడినట్టే ఎర్రబడుతోంది.

"ఒలే, చూడండే, లచ్చిందేవి పాదాలే!" ఆడవాళ్ళు మురిసిపోయారు.

రత్నం చేతులు గుమ్మానికి అలాగే అతుక్కుపోయాయి. ఇది పాత అరుగు. గాలి తగిలి తగిలి పైపొర ఎప్పుడో చచ్చి ఉంటుంది. దాని మీద పసుపు పసుపుగానే ఉండాలి, చిన్నప్పటి ఆ గడప మీద నిలిచినట్టు. ఎర్రబడిందంటే పచ్చి సున్నం ఉన్నట్టు.

పళ్ళెంతో పక్కకొచ్చిన తల్లి చెవిలో మెల్లిగా అడిగింది. "అమ్మా, అరుగు మీద సున్నం ఎవులు పోసేరు?"

"మీ నాన్నే. పెళ్ళివోరిల్లు కాదేటి? కిందా మీదా కొట్టేడు. మీవోళ్ళొచ్చి కింద గీకీసి పోనారు గానీ మీద ముట్టలేదు. అరుగు తెల్లగా మెరవాలని, నువ్వు పనికెల్లినాక పూటపూటకీ బిందెల్తో సున్నం నీళ్ళు పోసి సీపురుతో తోసేడు."

"పోసిన నీళ్ళు ఎటెల్లేయి?"

"ఎటెల్తాయే? ఇంకిపోనాయి."

ఇంకిపోయాయి. గట్టి శ్లాబు మీద పోసిన నీళ్ళు అంచు మీంచి కారాలి. ఇంకవు. లోపలంతా సన్నటి పగుళ్ళే ఉండి ఉంటాయి. వాటిగుండా సున్నం నీళ్ళు అడుగుదాకా దిగాయి. పారాణి పోగులకు ఊచదాకా పాకే పనే లేకపోయింది. నోటికి అందిన సున్నం తాగి ఎర్రబడి ఊరుకున్నాయి. గళ్ళు లేకపోవడానికి కారణం ఇదీ. పగుళ్ళున్న ఈ శ్లాబు మీద ఇప్పుడు రెండు ఊళ్ళ చుట్టాలున్నారు.

అరవబోయింది, నోరు నొక్కుకుంది. కూలిపోతుందంటే అందరూ ఒక్కసారిగా మెట్ల వైపు, ఆ అంచు వైపే పరిగెడతారు. ఇంట్లోకి తోలుదామంటే అంతమంది పట్టరు.

తండ్రి ఆమె మొహం చూసి దగ్గరికొచ్చాడు. "ఏటే, రత్నాలూ?"

రెండు ముక్కల్లో చెప్పింది. పైడయ్య నేల మీది ఎర్ర పాదాల వంక చూశాడు. "అయితే నీ పారాణి అబద్దమాడిందా?"

"అది ఆడలేదు నాన్నా. మనమే దాని నోట్లో అబద్దం పోసేం. గళ్ళు లేవని చూసి కూడా నేను ఊరుకున్నాను."

ఈలోగా కుసుమ సిగ్గుపడుతూ, "దాలినాయుడు గారూ, నేనూ వొచ్చాం వదినా," అనేసింది. దాలినాయుడు కుసుమ పేరు చెప్పాడు. జనం ఈలలు వేశారు. "అడగవే ఆడపడుచా! గొలుసా, పట్టుచీరా?"

రత్నం గొంతు సవరించుకుంది. నవ్వు తెచ్చిపెట్టుకుని గట్టిగా అంది.

"గొలుసొద్దు, చీరొద్దు. కొత్త జంట పేర్లు చెప్తే ఏటి గొప్ప? ఈ అరుగు మీదున్న ప్రతి మొగుడూ పెళ్ళాం పేరు, ప్రతి పెళ్ళామూ మొగుడి పేరు చెప్పి కిందకి దిగాలి. ఒక జంట వీధిలో కాలెట్టాకే ఇంకో జంట కదలాలి. పెళ్ళి కానోళ్ళు పిల్లల్నెత్తుకుని ముందు దిగీయండి, మీకు పేర్లు లేవు. అంతవరకూ గుమ్మం తీయను. ఆడపడుచు మాట!"

"ఓసి నీ లాంచనం తగలెయ్యా!" ఎవరో పకపకా నవ్వారు. ఎవరూ కదలలేదు. పెళ్ళికూతురి తండ్రి భుజాల మీది కండువా సర్దుకుని, "మమ్మల్ని పైకెక్కించి దిగమంటారేటి? ఇదేం మర్యాద?" అన్నాడు.

అప్పుడు పైడయ్య అరుగు మధ్యలోకి నడిచాడు. ఆయన నడక తనకెన్నడూ తెలియనంత మెత్తగా ఉందని రత్నం గమనించింది.

"మొదట నాను!" అని గర్జించాడు. "ఇన్నేళ్ళొచ్చినా దీన్ని ఒసే, ఏమేవ్ అన్నానే గానీ పేరెట్టి పిలవలేదు. ఇనండి ఊరోళ్ళారా! అచ్చియ్యమ్మ! నా పెళ్ళాం పేరు అచ్చియ్యమ్మ!"

అచ్చియ్యమ్మ పళ్ళెం జారవిడిచింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కొండంతా వినేలా, "పైడయ్య!" అంది. అరుగు మీద నవ్వులు విరగబూశాయి. ఇద్దరూ మెట్లు దిగారు. ఇంటి పెద్దే దిగాక ఇంకెవరికి మర్యాద అడ్డం? పిల్లల్ని ఎత్తుకుని పడుచువాళ్ళు దిగారు. ఆ వెనక జంటలు మొదలయ్యాయి.

ఒక ముసలాయన భార్య పేరు మరచిపోయి తిట్లు తిన్నాడు. ఒకామె మొగుడి పేరు చెప్పమంటే అత్తగారి పేరు చెప్పింది. వసుధ భర్త ఆమెను ముద్దుపేరుతో పిలిచేసరికి సన్నాయి వాయించేవాడు నవ్వాపుకోలేక ఊది ఊది శ్రుతి తప్పాడు. రత్నమూ నవ్వుతూనే ఉంది. ఆమె చూపు మాత్రం నేల మీదే. ఎర్రబడిన ఒక పాదం ముద్రను చీలుస్తూ వెంట్రుకంత గీత ఒకటి, ఇందాక లేనిది, మెల్లగా సాగుతోంది.

వీధిలో పైడయ్య కేకలు వినిపిస్తున్నాయి. "అరుగు కింద నిలబడొద్దర్రా! విస్తళ్ళు బస్సు మలుపు కాడ వేస్తన్నారు, అటు పదండి!" తాను మాత్రం స్తంభానికి అరచెయ్యి ఆనించి, జబ్బుపడినవాడి నాడి చూస్తున్నట్టు అక్కడే నిలబడ్డాడు.

చివరికి గణపతి మిగిలాడు. అంచున, కుర్చీలో.

"నాను చెప్పను. నాకెవరున్నారని చెప్పాలి?" అన్నాడు మొండిగా. ఆయన భార్య పోయి చాలాకాలమైందన్న సంగతి రత్నానికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఉన్నావిడ పేరే చెప్పాలని నేననలేదు కదా మావా," అంది మెత్తగా.

గణపతి సముద్రం వైపు తిరిగాడు. కాసేపటికి, "సూరీడమ్మ," అన్నాడు. కింద వీధిలో నవ్వులు ఆగిపోయాయి. ఆయన లేచి, కళ్ళు తుడుచుకుని, ఒక్కొక్క మెట్టే దిగాడు.

* * *

అరుగు కూలలేదు.

అదే తంటా అయింది. ఎండలో ఎర్రగా మెరుస్తూ అది నిక్షేపంగా నిలబడి ఉండగా, వీధి మధ్యలో రత్నం వసుధకు చెప్పింది. "ఫలకం ఇవ్వకండి మేడమ్. పరీక్ష తప్పింది."

వసుధ ఆమెను పక్కకు లాగింది. "ఆలోచించే అంటున్నావా? మొదటి పరీక్షే తప్పిందంటే రేపు నియమమే ఎత్తేస్తారు. ఇన్నాళ్ళ నీ పని మట్టిలో కలుస్తుంది."

"కలవనివ్వండి. ఆ ఫలకం ఆ గోడ మీదుంటే రేపు మళ్ళీ అందరూ ఎక్కుతారు."

గణపతి చెవిలో ఆ మాటలు పడ్డాయి. ఇందాకటి తడి ఇంకా కళ్ళలో ఉండగానే మండిపడ్డాడు. "అంటే మమ్మల్ని ఆటాడించి దింపేవా? పెళ్ళివోర్ని రోడ్డు మీద కూకోబెట్టేవా? చూడు, నీ తండ్రి అరుగు ఎలా ఉందో! నీ బూజుకి పిచ్చెక్కింది గానీ దానికేటైంది?"

పెళ్ళికూతురి తండ్రి విస్తరి ముందు కూర్చోకుండా నిలబడ్డాడు. ఏ క్షణానైనా బండి ఎక్కేలా ఉన్నాడు. అప్పుడు కుసుమ, కొత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, బస్సు మలుపు దగ్గర మట్టిలో మొదటి విస్తరి ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. "నాన్నా, మా వదిన గొలుసడగలేదు. మన పానాలడిగింది. కూకో, ఆకలేస్తంది," అంది. దాలినాయుడు పోయి పక్కన కూర్చున్నాడు. బంతి మొదలైంది.

పైడయ్య ఆ పూట తినలేదు.

మర్నాడు పొద్దున్నే సుత్తి దెబ్బలకు కొండ నిద్ర లేచింది. నడుముకు తాడు కట్టుకుని, తాడు రెండో కొస దాలినాయుడి చేతికిచ్చి, ఇంటి గుమ్మంలో కూర్చుని పైడయ్య తన అరుగును తనే కొడుతున్నాడు. జనం మూగారు. గణపతి కూడా వచ్చాడు. కొన్ని దెబ్బలు పడ్డాయి. ఆ తర్వాత ఎవరూ కొట్టకుండానే లోపల ఏదో మూలిగింది. సముద్రం వైపు సగం, నిన్న గణపతి కుర్చీ ఉన్న భాగం, పూర్తిగా విడిపోయి ఖాళీ వాలు మీద పడి ముక్కలైంది.

దుమ్ము సర్దుకునేదాకా ఎవరూ కదలలేదు.

పైడయ్య విరిగిన అంచున బయటపడిన ఊచను చేత్తో పట్టుకున్నాడు. అది ముక్కుపొడుంలా రాలింది. ఆ ఎర్రటి పొడిని అందరికీ చూపించాడు.

"సంద్రపు ఇసక," అన్నాడు. "అప్పట్లో ఈ కొండకి లారీ ఎక్కేది కాదు. కింద నించి గాడిదలు మోసుకొచ్చిందే ఇసక. ఉప్పని తెలుసు. నాలుగు నీళ్ళు పోసి కడిగితే పోద్దనుకున్నాను. పోలేదు. నా కూతురు మందు ఈ మాటే చెప్పును. దాని నోరు నాను మూసీసేను. అది నిన్న అందర్నీ దింపకపోతే..."

గణపతి ముందుకొచ్చాడు. "మేస్త్రీ, మా టీ హోటలు అరుగు కూడా..."

"అదే ఇసక."

గణపతి కింద పడిన ముక్కల వంక చూశాడు. "అయితే రేపు మా ఇంటికి రా. సుత్తి తెచ్చుకో. టీ నాను పోస్తాను."

* * *

నియమం పోలేదు. దానిలోకి ఒక కొత్త వాక్యం చేరింది. ప్రయోగశాలలో రత్నం సున్నం పోసిన దిమ్మెలూ పోయని దిమ్మెలూ వరసగా పెట్టి, తన పరీక్షను తానే మోసం చేసి చేసి చూసింది. మోసాన్ని పట్టే ఉపాయం చివరికి పెళ్ళికూతురి కాళ్ళ దగ్గరే దొరికింది. 'పాత అరుగుకు పారాణి పూసే ముందు, పైన తడి పసుపు పాదం ఒకటి వేయవలెను. అది ఎర్రబడినచో పరీక్ష ఆపవలెను. గళ్ళు లేని ఎరుపు చెల్లదు.' నగర సంస్థలో దీన్ని చదివినప్పుడు కొందరు నవ్వారట. వసుధ నవ్వకుండా సంతకం పెట్టింది.

కొండ మాత్రం కొన్ని నెలలపాటు చూడలేని విధంగా అయింది. పసుపు మిగిలిన అరుగులు ఒకటొకటిగా రాలాయి. ఇళ్ళన్నీ పళ్ళూడిన నోళ్ళలా సముద్రం వైపు తెరుచుకుని ఉండేవి. సాయంత్రాలు కూర్చునే చోటు లేక ముసలివాళ్ళు మెట్ల మీద బిక్కుబిక్కుమంటూ నిలబడేవారు. రత్నం వీధిలో నడుస్తుంటే పలకరించేవాళ్ళు తగ్గారు. కూల్చే పని కూలీలకిద్దామని దాలినాయుడు ఎంత చెప్పినా పైడయ్య వినలేదు.

"నా సేత్తో ఎత్తినియ్యి. ఇంకొకడి సుత్తి తగలనిస్తానా?" అనేవాడు. పగలు కూల్చేవాడు. సాయంత్రం, ఏటి ఇసుకతో కొత్త అరుగుకు సెంట్రింగు కట్టించేవాడు. నెలలు గడిచేకొద్దీ ఆయన వీపు వంగింది. కొత్త అరుగులు లేచేకొద్దీ పలకరింపులు తిరిగి మొదలయ్యాయి.

చివరికి పాతవాటిలో ఒక్కటే మిగిలింది. కొండ కొసన అంగన్‌వాడీ. పిల్లలు ఆడేది, నిద్రపోయేది దాని గాలరుగు మీదే. రత్నం దాన్ని వాయిదా వేస్తూ వచ్చింది. తాను అక్షరాలు దిద్దింది అక్కడే. తండ్రి చేత దాన్ని కూడా కూలగొట్టించడానికి ఆమెకు మనసు రాలేదు.

"రేపు దానికి పూయి," అన్నాడు పైడయ్య ఒక పొద్దున గంజి తాగుతూ.

"కొన్నాళ్ళు ఆగుదాం నాన్నా."

"పూయమన్నానా?"

పాదం వేయడానికి కుసుమ వచ్చింది. తడి పసుపు ముద్ర పడింది. ఎండ దాని మీదుగా జరిగింది, ముద్ర ఆరింది, పసుపు పసుపుగానే ఉంది. అడుగున పారాణి పూశారు.

అది పాకే రోజులన్నీ రత్నం ప్రయోగశాలలో ఏ పనీ ముట్టలేకపోయింది. ఫలితం తేలే ఉదయాన కొండ మీద వాళ్ళు సగంమంది అక్కడే ఉన్నారు. ఆమె కింది దారిలోకి దిగి తలెత్తింది.

గళ్ళు.

ఈ కొస నుంచి ఆ కొస దాకా, నేతగాడు లెక్కపెట్టి నేసినట్టు, నిండైన ఎర్ర గళ్ళు. ఒక్కచోట కూడా పసుపు లేదు. పిట్టగోడ వైపు ఒక మూల గళ్ళు మరీ దగ్గరగా, ఒత్తుగా ఉన్నాయి.

"ఆ మూల అంత ఒత్తుగా ఎందుకేశావు నాన్నా?"

"పిల్లలు గెంతేది ఆ మూలనే. సంద్రం కనబడతాది కదేటి." పైడయ్య మీసం మీదికి చాలా కాలం తర్వాత చెయ్యి పోయింది. "దీనికి మాత్రం ఏటి ఇసక. కావిడేసుకుని నానే మోసేను. నిన్ను ఇక్కడ బళ్ళో ఎయ్యాలని అనుకున్న ఏడు అది. మనింటికొచ్చేపాటికి ఓపిక సాల్లేదు. మనకి ఏ ఇసకైతే ఏటిలే అనుకున్నాను."

రత్నం తండ్రి చేతిని పట్టుకుంది. సిమెంటు తిన్న ఆ చెయ్యి శ్లాబంత గరుగ్గా ఉంది.

వసుధ ఫలకం తెచ్చింది. గవ్వలకొండ మీద పాత అరుగుకు వచ్చిన మొట్టమొదటి అనుమతి. గోడకు కొట్టే గౌరవం గణపతి అడిగి మరీ తీసుకున్నాడు. దాని మీద 'కట్టినది: పైడయ్య మేస్త్రి. పరీక్షించినది: నూకరత్నం' అని ఉంది. అంగన్‌వాడీ పిల్లలు ఆ అక్షరాలను కూడబలుక్కుంటూ గట్టిగా చదివారు. పైడయ్య వాళ్ళ చేత మళ్ళీ చదివించుకున్నాడు.

తర్వాత మెట్లెక్కి అరుగు మధ్యలో నిలబడ్డాడు. ఈసారి మెత్తగా నడవలేదు. మడమతో నేలను ఒక్క తాపు తన్ని, నడుం మీద చేతులు పెట్టుకుని, కింద ఉన్న ఊరంతటినీ, ఊరికి కింద ఉన్న సముద్రాన్నీ చూశాడు.

"ఏరా గణపతీ," అని కేకేశాడు, "ఏదిరా ఆ ఏనుగు? ఇప్పుడు తోలుకురా!"